బావ బదులు అక్క విన్న పాఠాలు

పోయిన వారం మెట్‌పల్లి నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. "మామా, అవ్వ పోయింది. పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నది. గట్లనే పోయింది" అని తల్లి గురించి చెప్పి ఏడ్చింది. నేను వెళ్లేసరికి చర్చి వెనక సమాధుల దగ్గర జనం నిలబడి ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన తప్పని మనిషి అన్నారు, ఎంతో ఓర్పు గల ఇల్లాలు అన్నారు. మొదటిది నిజమే. రెండోది విన్నప్పుడు అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఏదైనా అర్థం కాకపోతే అక్కకు నిమిషం కూడా ఓర్పు ఉండేది కాదు. పాస్టరుగారు ఎరగని ఆ అక్క గురించే ఈ నాలుగు మాటలు.

మాది రక్తసంబంధం కాదు. ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుబాయి దగ్గర కంపెనీ ఇచ్చిన క్వార్టర్లలో మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. నేను పెళ్లికాని ఫిట్టర్ని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా వంట వాసన గోడ దాటి వెళ్లినట్టుంది, "తమ్మీ, ఏం మాడవెట్టినవ్?" అని అక్క అడగడంతో మా చుట్టరికం మొదలైంది. ఆమె భర్త నాకు బావ అయ్యాడు. ఆయన పంపు ఖలాసీ. అంటే భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపు దగ్గర కాపలా ఉండి, దాన్ని నడిపే మనిషి.

తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన తర్వాత రెండు మూడేళ్లకు అనుకుంటాను, మా దగ్గర పని చేసుకునేవాళ్ల కోసం ఆదివారం క్లాసులు పెట్టారు. అట్లా కొన్నేళ్లు చదివి, హైదరాబాదు వెళ్లి పరీక్ష పాసైతే మెకానికల్ డిప్లొమా వస్తుంది. పిల్లల బడిలో, పిల్లల బెంచీల మీద, మీసాలవాళ్లం మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాళ్లం. పాఠం చెప్పే ఇంజనీరు సార్ గుంటూరు వైపు మనిషి. మంచివాడే గాని రైలు తప్పిపోతుందన్నట్టు చెప్పుకుపోయేవాడు. అర్థం కాకపోయినా తల ఊపడం మా అందరికీ బాగా అలవాటు.

బావను ఆ క్లాసుల్లో చేర్పించింది అక్కే. అంతకుముందు వానాకాలంలో బాయిలో నీళ్లు పెరిగి, బావ నడుంలోతు నీళ్లలో నిలబడి పంపు నడిపాడు. ఆ పూటంతా అక్క బాయి పైన నిలబడే ఉంది. ఆయన తడిసి వణుకుతూ పైకి వచ్చాక ఒక్క మాటే అన్నది. "నువ్వు పైన పని జెయ్యాలె. ఎట్లనో చెప్పు." డిప్లొమా ఉన్నవాళ్లను పైన వర్క్‌షాపులోకి తీసుకుంటారని నేనే చెప్పాను. ఆ రోజు నుంచి ఆ కాగితం మీద ఆమె ప్రాణం పెట్టుకుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బాయిలో బొగ్గు తవ్వడం ఆదివారం ఆగుతుంది గాని నీళ్లు ఆగవు. బావకు రెండు ఆదివారాలకు ఒకసారి డ్యూటీ పడేది. ఒక క్లాసు వింటే ఒకటి పోయేది. కొన్నాళ్లకు పుస్తకం మూసేసి, "నాతోని గాదు. నడుమల నడుమల ఇంటే ఏం సమజైతది?" అన్నాడు.

మరుసటి ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే తెల్లచీరతో అక్క నేరుగా మా క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అందరం తిరిగి చూశాం. సార్ ఆగిపోయాడు.

"ఎవరమ్మా మీరు? ఎవరి కోసం వచ్చారు?"

"పంపు ఖలాసీ పెండ్లాన్ని సార్. ఆయన బాయిల ఉన్నడు. ఆయన పాఠం నేను విని పోత."

"ఇది మెషీన్ల పాఠమమ్మా. మీకేం అర్థమవుతుంది?"

"గది విన్నంక చూద్దాం సార్" అన్నది అక్క. తను మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. సార్ నవ్వి, సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు.

ఆమెను హాజరు పట్టీలో ఎవరూ ఎక్కించలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. "జర ఆగుండ్రి సార్" అనేది అక్క ఊతపదం. ఆ మాట వినబడితే చాలు, బెంచీల మీద ఉన్నవాళ్లం లోపల్లోపల సంతోషించేవాళ్లం. మాకూ అర్థం కాలేదు మరి. నేను ఆ డిప్లొమా పాసయ్యానంటే సగం పుణ్యం ఆ మాటదే. తెలియనిది తెలియదని అడగడం నాకు అక్క దగ్గరే అబ్బింది, ఉద్యోగం చేసినన్నాళ్లూ అది నన్ను కాపాడింది.

ఒక ఆదివారం సార్ పంపుల గురించి చెబుతున్నాడు. పంపు ఎంత పెద్దదైనా సరే, నీళ్లకు ముప్పై అడుగుల కంటే బాగా ఎత్తున పెడితే నీళ్లు అందుకోలేదన్నాడు.

"జర ఆగుండ్రి సార్. బలమైన పంపు పెడితే ఎక్కువ లోతుకెళ్లి గుంజాలె గదా? అన్నీ ఒక్క కాడనే ఎందుకు అలిసిపోతయి?"

"పంపు నీళ్లను లాగదమ్మా. అది పైపులో గాలి తీసేస్తుంది, అంతే. బయటి గాలి నీళ్లను కిందినుంచి పైకి నెడుతుంది. గాలికి ఉన్న బలం అంతవరకే."

క్లాసంతా నవ్వింది. గాలేమిటి, నీళ్లను నెట్టడమేమిటి! అక్క మాత్రం నవ్వలేదు. ఆ వారమంతా ఆమెకు కుదురు లేదు. నల్లా కింద బిందె పెట్టి, అది నిండి పారుతున్నా చూడకుండా నిలబడేది. వెనక వరుసలో ఉన్నవాళ్లు తిట్టిపోసేవాళ్లు.

తర్వాత ఒక సాయంత్రం నన్ను గోడ మీదినుంచి పిలిచింది. బావ అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. నేల మీద ఒక సీసా నిండా నీళ్లు ఉన్నాయి, అందులో బొప్పాయి ఆకు కాడ దిగేసి ఉంది. సీసా మూతికీ కాడకూ మధ్య సందు లేకుండా, క్రిస్మసుకు మిగిలిన కొవ్వొత్తి కరిగించి పూసింది. "గుంజు" అన్నది బావతో. బావ బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చాడు. చుక్క రాలేదు. కాడ చేదుకు మొహం వికారంగా పెట్టాడు.

"నీకు బలం లేదా?"

"సీసా మూసినంక ఎట్లొస్తయే?"

అక్క సూదితో మైనంలో చిన్న రంధ్రం పొడిచింది. "గిప్పుడు గుంజు." నీళ్లు జర్రున నోట్లోకి వచ్చి బావకు పొలమారింది.

"సమజైందా? గా సందుల నుంచి గాలి దిగి నూకింది. నువ్వు గుంజుతె రాలే."

బావ మూతి తుడుచుకుని, సీసా ఎత్తి ఆ రంధ్రం చూశాడు. "ఇన్నేండ్ల సంది నేనే గుంజుతున్న అనుకున్న గదనే" అన్నాడు. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత బావ మళ్లీ పుస్తకం మూయలేదు.

హైదరాబాదు ఇద్దరం కలిసే వెళ్లాం. నోటి పరీక్షలో బావను అదే అడిగారు, పంపును ఎత్తున పెడితే నీళ్లెందుకు అందవని. బయటికి వచ్చి, "నోట్లె బొప్పాయి కాడ ఉన్నట్టే అనిపించింది బామ్మర్దీ, చెప్పేసిన" అన్నాడు. లెక్కల పేపరు మాత్రం తప్పాడు. మరుసటేడు మళ్లీ రాసి గట్టెక్కాడు. ఆ కాగితం వచ్చిన రోజు అక్క దాన్ని చదవలేదు. "పైకి ఎప్పుడు తీసుకుంటరు?" అని అడిగింది, అంతే. తీసుకున్నారు. ఆ ఏడాది వానలకు బావ వర్క్‌షాపు రేకుల కింద పొడి బట్టలతో ఉన్నాడు.

అక్కడితో అక్క పని అయిపోయిందనుకున్నాం. ఒకరోజు బాయిలోంచి ఒక పంపును మరమ్మతుకు పైకి తెచ్చి, మూత విప్పి వర్క్‌షాపు ముందు పెట్టారు. ఆడవాళ్లు బాయి దిగకూడదు గనుక, అన్నాళ్లు పాఠం విన్న అక్క లోపలి పంపును ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి సార్‌కే తట్టింది. "మీ ఆవిడను పిలిపించవయ్యా" అన్నాడు బావతో.

అక్క వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"నేను పైకొచ్చిన గదా. ఇంకేం చూస్తవే?" అన్నాడు బావ.

"నువ్వొచ్చినవ్. నేను గిది చూసుడు కాలే" అన్నది అక్క. గాజులు పైకి నెట్టుకుని, నీళ్లు లోపలికి వెళ్లే దారిలో చెయ్యి పెట్టింది. వేళ్లకు రెక్కల చక్రం తగిలినట్టుంది, కళ్లు మూసుకుని దాన్ని మెల్లగా తిప్పింది. చెయ్యి బయటికి తీసేసరికి మోచేతి దాకా నల్లటి గ్రీజు. బావ పాత గుడ్డ అందించాడు. అక్క తీసుకోలేదు. ఆ చేతిని ఒంటికి తగలకుండా కొంచెం ఎడంగా పట్టుకుని, మధ్యాహ్నం ఎండలో, నిండు బజారు మధ్యనుంచి ఇంటికి నడిచి వెళ్లింది.