సామ్యూలు ఇంట్లో సగం సగం

వీపనగండ్లలో తోలుపని చేసే సామ్యూలుకు కవలలు పుట్టేనాటికి బైబిలు సగమే తెలుసు. అసలు తెలియకపోయినా బాగుండేది, మొత్తం తెలిసినా బాగుండేది.

వనపర్తి వైపు నుంచి నెలకొకసారి ఎద్దుబండిలో వచ్చే పాస్టరుగారు ఆ నెల ఇస్సాకు భార్య కడుపులో కవలలు పెనుగులాడి, ఏశావు, యాకోబులుగా పుట్టడం దాకా చెప్పి, పొద్దుండగానే వాగు దాటాలని లేచారు. వారం తిరక్కుండా సామ్యూలు భార్య రూతమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. దేవుడు ఇంత సూటిగా కబురు పెట్టాక ఆలోచించేదేముంది? ముందు పుట్టినవాడు ఏశావు, వెనక పుట్టినవాడు యాకోబు అని మోకరించి ప్రార్థన చేసి మరీ పేర్లు పెట్టాడు.

మరుసటి నెల పాస్టరుగారు మిగతా కథ చెప్పారు. తమ్ముడు అన్న జ్యేష్ఠత్వాన్ని గిన్నెడు చిక్కుడుకాయ కూరకు కొట్టేయడం, తల్లి మాంసం వండిచ్చి, తడిమితే పెద్దవాడి వెంట్రుకల చేతుల్లా తగలాలని చిన్నకొడుకు చేతులకు మేకతోలు చుట్టి, చూపులేని తండ్రి దీవెన కాజేయించడం, అన్న తమ్ముణ్ణి చంపుతానని తిరగడం. తండ్రికి పెద్దవాడు ముద్దు, తల్లికి చిన్నవాడు ముద్దు, ఆ ఇల్లు చెడింది అందుకేనని ముగించారు. సామ్యూలు ముఖం చూసి, కావాలంటే పేర్లు మార్చుకోవచ్చని కూడా అన్నారు.

"దేవునికి ఒకసారి చెప్పినంక మారుస్తరా అయ్యగారు? ఆయన పరేషాన్ గాడా?" అన్నాడు సామ్యూలు.

పేర్లు మార్చే ధైర్యం లేక కథనే మార్చాలని నిశ్చయించుకున్నాడు. ఆ పూటే గుడిసె మీద నిండుగా కాసిన చిక్కుడు తీగను వేళ్లతో సహా పీకేశాడు.

"తీగ ఏం పాపం చేసిందయ్యా?" అంది రూతమ్మ.

"నీకు తెల్వదు. కొంపలు ముంచిన కూర అది."

ఆ తర్వాత పక్షపాతం గడప తొక్కకుండా కాపలా కాశాడు. జొన్నరొట్టెను తోలు కోసే కత్తితో నడిమికి కోసేవాడు. తోలుపనివాడి కన్ను కనుక నూలుపోగంత తేడా కూడా వచ్చేది కాదు. ఒకడికి జ్వరం వస్తే ఇద్దరికీ కషాయం. ఒకడు తప్పు చేస్తే ఇద్దరికీ చెరో దెబ్బ. తమ్ముడి తప్పుకు అన్న, అన్న తప్పుకు తమ్ముడు తన్నులు తిని, ఆ కసి ఇంటి వెనక ఒకరి మీద ఒకరు తీర్చుకునేవారు. పాస్టరుగారు చెప్పిన ఇంట్లో వైరం పుట్టడానికి కూర, మేకతోలు, ముసలాయన దీవెన అన్నీ కావలసి వచ్చాయి. సామ్యూలు ఇంట్లో ఉత్త న్యాయమే సరిపోయింది.

పిల్లలకు ఇరవై ఏళ్లు నిండిన ఏడు, అంటే పంతొమ్మిదివందల నలభై రెండులో, సామ్యూలు కళ్లకు పొరలు కమ్మాయి. రైతు కిష్టయ్య బావి సంగతి అప్పుడు వచ్చింది.

ఎద్దులతో నీళ్లు తోడే తోలు మోటను ఆ బావికి ఏటా సామ్యూలే కుట్టేవాడు. కోతల కాలంలో ఆ పొలం గింజలు కూలిగా ఆయన ఇంటికి చేరేవి. ఊళ్లో ఆచారం ప్రకారం ఒక బావికి ఒకే చెయ్యి. నడి పంటలో మోట చినిగితే రైతు ఎవరింటికి పరుగెత్తాలో తెలియాలి కదా.

"సామేలూ, నీకు కండ్లు కనవడ్తలేవు. ఆయితారం లోపల బాయి ఎవనికిస్తవో చెప్పు" అన్నాడు కిష్టయ్య వచ్చి. "ఇద్దరు మాత్రం నాకొద్దు. నిరుడు నీ న్యాయం పాడుగాను, సగం మోట వాడు కుట్టె, సగం వీడు కుట్టె. నీళ్లు సగం బాయిలనే పోసినం."

సామ్యూలు జీవితంలో నడిమికి కోయడానికి వీలుకాని వస్తువు మొదటిసారి ఎదురైంది. ఎవరికిచ్చినా రెండోవాడు ఇల్లు విడిచి పోతాడు, ఇరవై ఏళ్లుగా తను అడ్డుపడిన కథ తన చేతులతోనే నిజమవుతుంది. ఆయన భయమంతా అదే.

గురువారం నుంచి రూతమ్మ పెట్టింది తినడం మానేశాడు.

"నాకెర్క. మాంసం వండి తెచ్చి చిన్నోన్ని ముందర నిలవెడ్తవ్."

"మాంసమా? ఏ పండుగకు తెచ్చినవయ్యా మాంసం? జొన్నగట్క తాగితె తాగు, లేకుంటె పండుకో."

చేతులు తడిమి కొడుకును గుర్తుపట్టే దారి ఆయనకు ఎలాగూ లేదు. తోలుపని ఇంట్లో ఎవడి చేతులు తడిమినా మేకతోలే. అందుకని ఆదివారం ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవడు ఎవడో చెప్పడానికి కిష్టయ్యను సాక్షిగా పిలిచాడు. నిజానికి కళ్లు మరీ అంతగా పోలేదు. భయమే ఎక్కువ.

"బాయి యాకోబుది" అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు ఏశావు.

సమానంగా పంచడానికి కారణాలు చెప్పుకోనక్కర్లేదు కనుక, కారణం చెప్పే అలవాటు సామ్యూలుకు లేకపోయింది. ఏశావు ఆ మధ్యాహ్నమే కొత్తకోట పోయి, బస్సులు ఆగేచోట చోటే మియా చెప్పుల దుకాణంలో పనికి కుదిరాడు.

రెండు నెలలు గడిచాయి. పాస్టరుగారు వచ్చి, సహోదర ప్రేమ గురించి గంటసేపు చెప్పి ప్రార్థన చేశారు. తన సొంత కొడుకులు వేర్వేరు పొయ్యిలు పెట్టుకుని మూడేళ్లయిన సంగతి మాత్రం ప్రార్థనలో రాలేదు.

బండి వెళ్లాక రూతమ్మ అంది: "బైబిలుల పెద్దోడు ఏడుస్తుంటె తండ్రి కూసున్నకాడ్నే కూసుండె. నువ్వన్న లేసి పో."

సామ్యూలు సంతకు పోయే బండి పట్టుకుని కొత్తకోట వెళ్లాడు.

"ఆవో సామేల్ భాయ్" అన్నాడు చోటే మియా. "నీ కొడుకు పనిల మంచోడు. మాటలల్ల ముండ్లకంప."

ఏశావు తల ఎత్తలేదు. "బాయి ఇయ్యకపోతివి. ఇగ తిట్టిపోనీకె వచ్చినవా?"

"తిట్టించుకోనీకె వచ్చిన."

ఏశావు మొహమాటపడలేదు. యాకోబు తప్పులకు తను తిన్న దెబ్బలు ఒక్కటీ వదలకుండా, ఏ పండుగ ముందు, ఏ కర్రతో అన్న వివరాలతో సహా తండ్రి ముందు పెట్టాడు. చోటే మియా సుత్తి పక్కన పెట్టి విన్నాడు. చెప్పు తెగి వచ్చిన రైతొకడు, తొందరేం లేదని తనూ కూర్చున్నాడు.

చివరికి ఏశావు గొంతు తగ్గింది. "నేను పనికి రానా నాయినా?"

"మోటకు రావు. నీ కుట్టు వదులు, నీళ్లు నిలవవు. నిరుడు కారింది నీ సగమే. అందుకే బాయి వానికిచ్చిన." సామ్యూలు పక్కనున్న చెప్పు ఒకటి తీసి కుట్టు తడిమాడు. "చెప్పుల పని గట్లగాదు. నీ లెక్క కుట్టెటోడు ఈ తాలూకల లేడు. పదేండ్ల పోరనివప్పుడే మీ అమ్మకు ఒక జోడు కుడ్తివి. అప్పుడే సూసిన నేను."

"గీ మాట ఎన్నడన్న చెప్తివా?"

"చెప్తె యాకోబుకు గూడ చెప్పాలె గద. వాడు కుట్టిన చెప్పులు తొడిగితె బొబ్బలొస్తయి. ఏమని చెప్పాలె?"

ముందు చోటే మియా నవ్వాడు, తర్వాత ఆ రైతు. ఏశావు నవ్వకూడదని చాలా ప్రయత్నించి, ముఖం తిప్పుకుని, మూలనున్న తోళ్లలో మెత్తనిది ఒకటి లాగాడు.

"కాలు ఇట్ల వెట్టు" అన్నాడు.

సామ్యూలు పెట్టాడు. ఏశావు పాదం చుట్టూ బొగ్గుతో గీత గీస్తున్నాడు.

"యాకోబుకు గూడ ఒక జో..." అనబోయాడు సామ్యూలు.

బొగ్గు ఆగింది. "ఏమంటివి?"

"ఏం లేదు బిడ్డా. బొటనవేలు కాడ జర వదులు పెట్టమంటున్న."