ముడి వేయని అంచు

మేం కలకత్తా వెళ్లాలనుకున్న ఏడాది, ప్రయాణానికి అందరికంటే ముందు సిద్ధమైంది మా ఇంటి మనిషి కాదు. కొండవార గూడెంలో ఉండే గదబ తెగ ఆవిడ. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దది. నేను అప్పా అనేదాన్ని, ఆమె నన్ను సెల్లీ అనేది.

మా ఆయన అరకులో దొరలు దిగే బంగళాకు కాపలాదారు. పితూరీ సద్దుమణిగి, దొరల బళ్లు మళ్లీ ఘాటీ ఎక్కడం మొదలైన రోజులవి. నేను శృంగవరపుకోట దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక కొండెక్కినదాన్ని. రెండో తరగతితో నా చదువు సరి. కుట్టుపని మాత్రం బాగా వచ్చు. దిండు గలీబు మీద రెండు చిలకలు కుట్టానంటే, చూసినవాళ్లు అడిగి మరీ ముట్టుకునేవాళ్లు. ఆ పొగరు నాకుండేది.

అప్ప వారానికి రెండుసార్లు కట్టెలు తెచ్చి అరుగు మీద కూర్చునేది. నేను ఆకుడొప్పలో గంజి పోసేదాన్ని. అరుగు దాటి లోపలికి మాత్రం రానిచ్చేవాళ్లం కాదు. మా వాళ్ల పద్ధతి అది. అప్పట్లో అందులో తప్పేముందో నాకు తోచలేదు.

వాళ్ల ఆడవాళ్లు కట్టే బట్ట వాళ్లే నేసుకునేవాళ్లు. కెరంగు అనే చెట్టు నార వలిచి, ఎండబెట్టి, వడికి, రంగులద్ది, ఎరుపూ నీలమూ తెలుపూ చారలతో నేసేవాళ్లు. అది నేయడం రాని పిల్లను వాళ్లలో పెళ్లాడరు. ఒక బట్టకు వానాకాలం మొత్తం పట్టేది.

ఒక చలికాలం బంగళాలో దిగిన దొరసాని అప్ప కట్టుకున్న బట్ట చూసి ఆగిపోయింది. అలాంటిది కొత్తది ఒకటి కావాలనీ, కలకత్తాలో దేశమంతటి పనితనమూ దాచే పెద్ద మ్యూజియంలో పెట్టిస్తాననీ చెప్పించింది. మా ఆయన మ్యూజియం అనేవాడు. నేను అద్దాలమేడ అనేదాన్ని.

అప్ప దగ్గర మగ్గం మీద ఒకటి ఉంది. తన ఒంటి మీదిది చిరిగిందని తనకోసమే నేసుకుంటున్నది. అదే ఇస్తానంది. ఇంతలో దొరసాని ఏదో కబురొచ్చి కొండ దిగి వెళ్లిపోయింది. సామాను వెనక బండిలో రావాలి. బండి కట్టేవేళకు అప్ప పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఒక అంచుకి ముడులెయ్యడానికి పొద్దు నేదు సెల్లీ. పోగులట్టే ఉండిపోనాయి. దొరసానమ్మతో సెప్పించు, కోప్పడద్దని."

"మూట కుట్టీయే బేగి, బండోడు ఎల్లిపోతాడు!" అని బయటినుంచి మా ఆయన కేక.

నేను లోపలికి తీసుకెళ్లి బట్ట విప్పాను. పచ్చి నార వాసన. చేతికి గరుకు. అంత దూరం మన కొండల పేరు చెప్పుకుని ఈ నారబట్టా వెళ్లేది, చూసినవాళ్లు నవ్వరూ అనిపించింది. పెట్టెలోంచి నా చిలకల గలీబు తీశాను. దాన్ని గుడ్డలో పెట్టి నాలుగువైపులా కుట్టేశాను. కొండల పరువు కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నా చిలకలు అద్దంలో కూర్చోవాలన్న ఆశ దాని వెనక నక్కి ఉంది. ఆ రెండోది ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

నెల తర్వాత దొరసాని దగ్గర్నుంచి చీటీ వచ్చింది. పంపిన మూట అందింది, విప్పకుండా అలాగే మ్యూజియం వారికి అప్పగించాను అని అందులో ఉందని మా ఆయన చదివి, అరుగు మీదున్న అప్పకు తానే చెప్పాడు. ఆయనకు తెలిసిందీ అంతే. అప్ప నవ్వింది. గూడెమంతా చెప్పుకుంది. ఆ ఏడూ, మరుసటేడూ చిరుగుబట్టే కట్టుకుంది. నారచెట్లు దూరమైపోయాయనీ, కళ్లు ఆనడం లేదనీ అనేది.

ఆమె నేసిన బట్ట నా పెట్టెలో కొన్నాళ్లుంది. ఒకరోజు మసిగుడ్డ కనబడక దాంతో కుండ దించాను. చెయ్యి కాలలేదు. కత్తిపీట మీద రెండు ముక్కలు చేశాను. ఒకటి పొయ్యి దగ్గర, ఒకటి తిరగలి కింద. అప్ప వంటింట్లోకి రాదు కదా, భయమేముంది.

కలకత్తా జనపనార మిల్లులో పనిచేసే మా బావగారు, గంగ చూసి పోదురుగాని రమ్మని ఉత్తరం రాశారు. నాకు ముందు గుర్తొచ్చింది గంగ కాదు, నా చిలకలు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ మా ఆయన అరుగు మీద కూర్చుని, "అప్పా, నీ బట్ట సూసొత్తాం" అన్నాడు.

"నువ్వు సూసి ఏటి సేత్తావు? నానే వొత్తాను" అంది అప్ప.

ఆయన నవ్వాడు. "రైలెక్కితే తల తిరుగుతాది, ఏటనుకున్నావో!"

"కొండెక్కితే నీకు తిరగలేదా? అలవాటయిపోనాదిగదా."

ఇక ఆ రోజునుంచి ఆమె ఏర్పాట్లు. మేకల్ని ఎవరికి అప్పగించాలి, విజయనగరం దాకా బండిలో ఎన్నాళ్లు, సామలు ఎన్ని దంచుకోవాలి. వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న తెచ్చేది.

"అద్దంలో పెడితే పురుగు పట్టదా సెల్లీ? వేపాకు ఎండబెట్టినాను. మడతల్లో పెట్టమందాం."

"అక్కడి వాళ్లే చూసుకుంటారులే అప్పా."

"ఆల్లకి నార సంగతి ఏటి తెలుసు? ఆ అద్దం ఒక్కపాలి తెరుత్తారా? నీలం పోగు వడికి ఉంచినాను. ఆ అంచుకి ముడులేసీసి వొచ్చీత్తాను. ఎంతమంది సూత్తన్నారో, ఈ గదబది పని సగంలో ఒగ్గీసినాదనుకుంటారు."

ఆ మాట విన్నాక, చెప్పేద్దామని నాలుగుసార్లు అరుగు మీదికి వచ్చాను. నాలుగుసార్లూ వేరే మాట చెప్పాను. అక్కడ నీళ్లు పడవన్నాను. జనం తొక్కేస్తారన్నాను. చివరికి, చిరుగుబట్టతో వస్తే లోపలికి రానివ్వరేమో అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆమె తన ఒంటి వైపు చూసుకుంది. "ఈ బట్టా ఆ బట్టా ఒక సేతి పనేనని సెప్పు. లోపలికి ఒగ్గుతారు" అంది.

ప్రయాణం రేపనగా మిట్టమధ్యాహ్నం మూట నెత్తిన పెట్టుకుని వచ్చేసింది, తెల్లారి బండి తప్పిపోతుందేమోనని. నేను దారికి జంతికలు వండుతున్నాను. ఒళ్లంతా చెమట, పిండి చేతులు. "సెల్లీ, దాహం" అంది. గంజికుండ దించి, అలాగే పట్టుకుని అరుగు మీదికి వచ్చాను. డొప్పలో పోశాను. ఆమె తాగలేదు. నా చేతుల వైపు చూస్తోంది.

కుండ అంచు పట్టుకున్న గుడ్డ మసిపట్టి నల్లగా ఉంది. కానీ కిందికి వేలాడుతున్న పోగులు ముడులు లేకుండా విడివిడిగా ఉన్నాయి.

కుండ కింద పెట్టాను. "అప్పా, అక్కడికి పంపింది నీది కాదు. నా చిలకల గుడ్డ" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్నేమో. చెయ్యి చాచింది. గుడ్డ ఇచ్చాను. తిరగేసి కత్తిపీట కోత చూసింది, వేలితో ఆ పొడవునా తడిమింది. మూట విప్పి నీలం పోగు తీసింది. అరుగు మీద కాళ్లు చాపుకుని, గుడ్డ మోకాలి మీద పరిచి ముడులు వేయసాగింది. కళ్లు ఆనక మొహం దగ్గరగా పెట్టుకుంది. లోపల జంతికలు మాడిన వాసన వస్తోంది. నేను కదల్లేదు.

అన్ని ముడులూ అయ్యాక గుడ్డ నా ఒళ్లో పెట్టింది. "ఇంక పోగు ఊడదు" అంది. వేపాకు పొట్లం కూడా అక్కడే వదిలేసి, మూట ఎత్తుకుని గూడెం వైపు నడిచింది.

మేం కలకత్తా వెళ్లాం. అద్దాలమేడ మెట్ల దగ్గర కాలు బెణికిందని మా ఆయనతో చెప్పి బయటే కూర్చున్నాను. ఆయన చూసి వచ్చి, అప్ప బట్ట కనబడలేదంటూ, ఏమేమి ఉన్నాయో చెబుతుంటే తల వంచుకుని విన్నాను. చిలకల గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

తిరిగొచ్చిన పదిరోజులకు అప్ప కట్టెలతో వచ్చింది, ఎప్పటిలాగే. మోపు దించి అడిగింది.

"నీ సిలకలు ఉన్నాయా అక్కడ?"

"లోపలికి వెళ్లలేదప్పా."

"మరి అంత దూరం పోయి ఏటి సూసినావే?"

"గంగ."

"నీల్లు మనకి నేవేటి!" అని నవ్వింది.

ఆ నవ్వు పట్టుకుని, "వంటింట్లోకి రా అప్పా, కూర్చుని తాగుదువుగాని" అన్నాను. అన్నేళ్లలో మొదటిసారి.

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, అరుగు మీద తన చోట కూర్చుంది. "ఈడే గాలి బాగున్నాది. ఇలా తే" అంది.