అన్న చూడని కెరటం

ఈ రోజు పొద్దున మిద్దె మీద ఎండుమిరపకాయలు ఆరబోస్తుంటే పిట్టగోడ మీద పెట్టిన ఫోను మోగింది. ఎవరో చుట్టాలు కాబోలని చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు వెతుక్కుని, తీరా చూస్తే సముద్రం. రేపు పొద్దున రాతిమేట దగ్గర కెరటం ఛాతీ ఎత్తు లేస్తుందట, గాలి పడమట నుంచి మెల్లగా వీస్తుందట, చాలా మంచి రోజట. ప్రొద్దుటూరులో మా మిద్దెక్కి చూస్తే నాలుగు వైపులా ఇళ్ళు, నల్లటి నీళ్ళ ట్యాంకులు, దూరంగా పెన్న ఇసుక తప్ప ఏమీ కనిపించవు. మా వీధి కుళాయిలో నీళ్ళు ఎప్పుడు వస్తాయో చెప్పే దిక్కు లేదు గానీ, ఎక్కడో చెన్నై దాటాక ఉన్న ఒక జాలర్ల ఊరిలో కెరటం ఎంత ఎత్తు లేస్తుందో మాత్రం నాకు రోజూ కబురు అందుతుంది. మిరపకాయల ఘాటుకు తుమ్ములు వస్తుంటే, తుమ్ముతూనే ఆ ఫోనును తిట్టాను.

కెరటాల కబురు చెప్పే ఈ యాప్‌ను నా ఫోనులో పెట్టింది మా అన్న కూతురు. పెట్టి చాలా ఏళ్ళయింది. తీసెయ్యడం నాకు చేతకాక కాదు. తీసేద్దామని వేలు దాని దాకా తెచ్చి, ఏదో ఉడుకుమోత్తనం వచ్చి మానేస్తాను. కోపం ఫోను మీద కాదు. మా అన్న మీదా, వాళ్ళ పిల్ల మీదా, ఇద్దరికీ మధ్య అడ్డం పడుతూ వచ్చిన వాన మీదా.

మా పుట్టిల్లు పులివెందుల దగ్గర, తొండూరు వైపు. నల్లరేగడి చేలు, శనగ పంట. ఆ పంట సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. దసరా దాటాక ఒక మంచి వాన పడి, నేల మరీ తడిగా కాకుండా, మరీ ఆరిపోకుండా ఉండే కొద్దిపాటి సమయాన్ని పదును అంటారు. విత్తనం అప్పుడే పడాలి. అది దాటితే ఆ ఏడు అంతే. ఆ వాన మాకు వచ్చేది బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితేనే. అందుకని ఎన్నడూ కంటితో చూడని సముద్రాన్ని మా అన్న ఏటా పనికిరాని అల్లుణ్ణి తలుచుకున్నట్టు తలుచుకుంటూ, తిట్టుకుంటూ ఉండేవాడు. మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. విత్తనం వేసే గొర్రుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాక తొలి దోసెడు శనగలు ఇంటి పెద్దే పోయాలి. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినా, గొర్రు ఇనుపది అయినా, ఆ దోసెడు మాత్రం మారలేదు. మా నాయన పోయిన ఏడు నుంచి అది మా అన్న చేతిది.

ఇక పిల్ల. చదువు అయ్యాక చెన్నైలో కంప్యూటరు ఉద్యోగంలో చేరింది. ఆఫీసు వాళ్ళతో ఒక ఆదివారం సరదాగా సముద్రం దగ్గరకు పోయి, పలక మీద నిలబడి కెరటం మీద జారుతూ వచ్చే ఆట చూసింది. ఆ తర్వాత ఏ ఆదివారమూ దాన్ని వదల్లేదు. ఈత కూడా మా బావిలో సొరకాయ బుర్రలు కట్టుకుని నేర్చుకున్న పిల్ల. రెండేళ్ళు తిరిగేసరికి, అక్కడ ఆ ఆట నేర్పే బడి నడిపే ఆయన, నువ్వు కూడా నేర్పడానికి వచ్చెయ్యమన్నాడు. ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోవాలని దీని కోరిక. ఉగాదికి ఇంటికి వచ్చి, బొబ్బట్లు తింటూ, నాయన మంచి హుషారు మీద ఉన్న సమయం చూసి చెప్పింది. మా వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. నేను అక్కడే ఉన్నాను.

"నీళ్ళ మీద నిలబడేది ఏంది? దాంట్లో పనేముండాది?" అన్నాడు మా అన్న.

"నేర్పిచ్చే పని నాయనా. ఈత నేర్పిచ్చినట్లే."

మా అన్న కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. "నేను సూడకుండా అవునని అనను, కాదని అనను. ఒకతూరి కండ్లారా సూస్తా. సూసినంక చెప్తా" అన్నాడు. ఆయన పద్ధతే అంత. సంతలో ఎద్దును నడిపించి చూడనిదే బేరమాడేవాడు కాదు. నా సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పాపెట్టకుండా జమ్మలమడుగు పోయి, మా ఆయన సైకిలు తొక్కడం కూడా చాటునుంచి చూసి వచ్చినవాడు. పిల్లకు ఆ మాటే పెద్ద వరంలా తోచింది. నాయన చూసి అవునంటేనే ఉద్యోగం మానేస్తాను, అనకపోతే లేదు అని అది కూడా అక్కడికక్కడే మాట ఇచ్చేసింది. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఒకటే మొండితనం. నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువుకున్న పిల్ల తన బతుకు తాను తేల్చుకోలేదా అని అడిగితే, "నాయన కాదనలేదు గదత్తా" అని నవ్వింది.

వేసవి అంతా మా అన్నకు చీనీ, అంటే బత్తాయి తోట పని. ఆ తర్వాత పిల్లకు సెలవు దొరకదు. చివరకు దసరా పోయిన వారానికి కుదిరింది. అన్నా నేనూ బయల్దేరాము. గొడ్లు ఉన్నాయని వదిన రాలేదు. జాలర్ల ఊరిలో పిల్ల మాకు ఒక గది చూసిపెట్టింది. మా అన్న మొదటిసారి సముద్రం ముందు నిలబడి, చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్ళు తనకాడ పెట్టుకోని మనకు మాత్రం ఇట్ల చేస్తాదే" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే నిష్ఠూరం ఉంది. దగ్గరి చుట్టం పెళ్ళికి పిలవనట్టు.

అక్కడ నీళ్ళ అడుగున పెద్ద రాతిమేట ఉంది. దాని మీదికి రాగానే కెరటం ఒకే చోట లేచి, ఒకే వైపుకు విరుగుతుందని పిల్ల చెప్పింది. నీళ్ళు మరీ తగ్గితే రాళ్ళు తగులుతాయి, పోకూడదు. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వీస్తే కెరటం లేవకముందే చెదిరిపోతుంది. ఒడ్డు నుంచి లోపలికి, అంటే పడమటి గాలి అయితే, దాన్ని పట్టి నిలబెడుతుంది. మేము పోయిన రోజు నుంచి గాలి తూర్పుదే. సముద్రమంతా బురదనీళ్ళ కుండ కుదిపినట్టు ఉంది. పిల్ల పొద్దున్నే లేచి, ఫోను చూసి, కిటికీలోంచి కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసి, "రేపు బాగుంటాది నాయనా" అనేది. మరుసటి రోజూ అదే మాట. ఆ గదిలో ఇడ్లీలు తిని, ఒడ్డుకు పోయి కూర్చుని, ఇసుక దులుపుకుని తిరిగిరావడమే మా పని అయిపోయింది. మా అన్న పంచెలో నుంచి రాలిన ఇసుక మా ఇంటి గచ్చుకు సరిపోయేది.

అప్పుడే అల్పపీడనం పుట్టింది. ఇన్నేళ్ళు బడిలో సోషలు చెప్పి, అది పరీక్షలో చిన్న ప్రశ్న అనుకున్నదాన్ని నేను. ఇద్దరు మనుషుల మధ్య అది ఎంత పని చేస్తుందో అప్పుడు చూశాను. ఫోనులో సుడి తిరుగుతున్న ఆ బొమ్మను తండ్రీ కూతుళ్ళు ఒకే అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళు. అది ఒడిశా వైపు పోతే గాలి పడమటికి తిరుగుతుంది, మిగిలిన కెరటాలు రాతిమేట మీద అద్దంలా లేస్తాయి. ఇటు నెల్లూరు దగ్గర ఒడ్డెక్కితే ఇక్కడ అంతా అల్లకల్లోలం, మా తొండూరులో మాత్రం మంచి వాన.

"పైకి పోతాది నాయనా, సూస్తా ఉండు."

"యాడికి పైకి? ఈడికే వస్తాది. రావాల."

వాళ్ళ జీవితంలో అంతసేపు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నది అప్పుడేనేమో. ఒకరి కోరిక తీరితే రెండోవారిది తీరదని ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు. నేను ఎవరి కోసం మొక్కుకోవాలో తెలియక ఊరికే టీ తాగుతూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం ఊరి నుంచి ఫోను వచ్చింది. మబ్బు కమ్మింది, చినుకులు పడుతున్నాయి, అందరూ గొర్రులు కట్టుకుంటున్నారు అని. మా అన్న లేచి సంచి సర్దడం మొదలుపెట్టాడు.

"రేపు పొద్దునకు గాలి తిరుగుతాది నాయనా. ఒక్క పూట ఆగు" అంది పిల్ల.

"పదును ఆగదు తల్లీ."

నాకు కోపం ఆగలేదు. "తొలి దోసెడు వదిన పోస్తాదిలేన్నా. ఒక్క ఏడుకు ఏమవుతాది?" అన్నాను.

మా అన్న సంచి మూతి బిగిస్తూ నా వైపు చూశాడు. "ఇంటి పెద్ద ఉండంగ ఇంగొకరు పోస్తే ఆయప్ప పోయినట్ల లెక్క పాపా. నేను పోయినంక ఎవురన్నా పోసుకోండి" అన్నాడు. పిల్ల తనే బస్సు దాకా పోయి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి వచ్చింది.

తెల్లవారేసరికి గాలి తిరిగింది. కొబ్బరాకులన్నీ సముద్రం వైపు వాలి ఉన్నాయి. ఆ రోజు చూసిన నీళ్ళు నిన్నటివి అంటే నమ్మలేం. ఒక్కొక్క కెరటం తీరిగ్గా వచ్చి, రాతిమేట మీద లేచి, పచ్చటి గోడలా ఒక్క క్షణం నిలబడి, కొస నుంచి విరుగుతూ పోతోంది. మా పిల్ల పలక మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయి, ఒక కెరటం ముందు లేచి నిలబడింది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఆ గోడ వెంబడి జారుతూ వచ్చింది. భయం లేదు, తొందర లేదు. బావి గట్టు మీద వణికిన పిల్ల అదేనా అనిపించింది. ఒడ్డున చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. కొడుతూ ఏడ్చాను. సంతోషంతో కొంత, చూడాల్సిన మనిషి పక్కన లేడన్న మంటతో ఎక్కువ.

ఊళ్ళో ఏమైందంటే, ఆ చినుకులకు దుమ్ము కూడా అణగలేదు. సుడి పిల్ల చెప్పినట్టే పైకి పోయింది. పసుపు పూసిన గొర్రు పక్కన మా అన్న రెండు రోజులు కూర్చుని లేచాడు. నేను ఫోనులో తీసిన కెరటం బొమ్మ పంపుతానంటే, "ఫోన్లో సూసేదానికైతే ఆడిదాకా ఎందుకు వస్తి? వద్దు" అన్నాడు. ఆ మాటతో నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను ఆయన్ను తిడుతుంటే పిల్ల నన్ను ఆపింది. "నాయన సూల్లేదు గదత్తా. సూడకుండా ఏం చెప్తాడు?" అంది.

మరుసటి ఏడు ఎండాకాలంలోనే పిలిపించుకుంది. మేము ఉన్న వారం రోజులూ సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదల్లేదు. ఆ పై ఏడు అన్ని లెక్కలూ కుదిరాయి గానీ, మేము బయల్దేరాల్సిన రోజే మా చేలల్లో భలే వాన పడింది. శనగ విరగపండింది. మా అన్న ఆనందం చూసి నోరు మూసుకున్నాను. ఆ బడి ఆయన మంచివాడే, చాలా కాలం ఆగాడు. ఆగి ఆగి, వేరే ఊరి అమ్మాయిని పెట్టుకున్నాడు. పిల్ల ఆ సంగతి నాకు ఫోనులో మామూలుగా, కూర ఏం వండావని అడిగినట్టు చెప్పింది. తర్వాత ఆఫీసులో దాని పని పెరిగింది. ఆదివారాలు నిద్రకే చాలడం లేదనేది. పలకను ఎవరికో ఇచ్చేసింది. నేను ఒకసారి గట్టిగా అడిగాను, నాయనను అడగకుండానే ఎందుకు చేరలేదని. "ఆయన అవునంటాడని నాకు తెలుసు గదత్తా. అందుకే ఎదురుసూస్తి" అంది. ఇలాంటి జవాబుకు ఎవరైనా ఏం చెయ్యగలరు?

నిరుడు మా అన్నకు మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. చేలు కౌలుకిచ్చాడు. తీసుకున్నది పక్క ఊరిలో గొర్రెలు మేపుకునే కుటుంబం, ఇప్పుడు సేద్యం కూడా చేస్తున్నారు. తొలి దోసెడు ఆ ఇంటి పెద్ద పోసుకుంటాడు. సరిగ్గా విత్తే రోజుల్లో మా అన్న ఇస్త్రీ పంచె కట్టుకుని ప్రొద్దుటూరులో నా ఇంటికి వచ్చి, "పా పాపా, పిల్ల కాడికి పోదాం. ఇప్పుడు నాకేం పన్లేదు" అన్నాడు. అది ఆ ఆట మానేసి ఏళ్ళయిందన్నా అంటే, "ఎద్దు నాగలి మర్సిపోతాదా ఏంది" అని కొట్టిపారేశాడు. పిల్లకు చెబితే, రానివ్వత్తా అని సెలవు పెట్టింది.

మేము చేరిన పొద్దున పడమటి గాలి వీస్తోంది. రాతిమేట మీద కెరటాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. ఎవరో పిల్లలు వాటి మీద జారుతూ వస్తున్నారు. మా పిల్ల ఆఫీసు చెప్పులు చేత్తో పట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. మా అన్న కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నువ్వు గూడ ఇట్లనే నిలబడ్తాంటివా?"

"ఆ నాయనా."

"పడకుండా?"

"పడ్తాంటి. మళ్ళా లేస్తాంటి."

ఇంకో ఇద్దరు జారి రావడం కూడా చూశాడు. తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేసి, "శానా బాగుండాది. చేరు తల్లీ, నాకేం అడ్డం లేదు" అన్నాడు.

పిల్ల సరే నాయనా అంది. అని, ఆయన పంచె అంచు తడవకుండా కాస్త వెనక్కి నడిపించింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నారు. సాయంత్రం బస్సులో మా అన్న చాలా తేలిగ్గా, హాయిగా ఉన్నాడు. ఎంతో కాలంగా మోస్తున్న పని పూర్తి చేసినవాడిలా నా వైపు తిరిగి, "సూస్తివా పాపా, నేను కాదన్లేదు గదా" అన్నాడు. అవునన్నా అన్నాను. ఆయన మాట ఇచ్చినట్టే చూశాడు, చూసి చెప్పాడు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కిటికీలో చెట్లు వెనక్కి పోతుంటే, ఒడ్డున సరే నాయనా అన్నప్పటి ఆ పిల్ల ముఖమే నాకు కనిపిస్తోంది. ఒక మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో ఏళ్ళు లెక్కపెడితే తెలియదు, దాని కోసం కాచుకున్నవాళ్ళు అది విని సంతోషించడం కూడా మరిచిపోయినప్పుడు తెలుస్తుంది.