బావగారు కొండెక్కారు

కిందటి నెలలో ఒక ఉదయం కడియం నుంచి అక్కయ్య టెలిఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావగారు కొండెక్కారురా" అన్నది. మరొక మాట లేదు. రిసీవరు పెట్టేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ వాక్యం చెల్లదు. దీపం ఆరిపోయిందనడం అశుభం కనుక మన ఇళ్లలో కొండెక్కిందంటారు. ఆ అర్థంలో ఆ క్రియకు దీపమే కర్త, మనిషి కాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల వాక్యాలు దిద్దిన నాకు ఈ ఒక్క వాక్యాన్ని దిద్దడానికి చేయి రాలేదు. ఎందుకో చెబుతాను.

బావగారు నర్సరీ రైతు. ఏటా ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి మెట్లు ఎక్కేవారు. మేము సగంలో ఆగి రొప్పుతుంటే పైనుంచి కేకవేసేవారు: "ఏంటి మాస్టారూ, మీకూ మెట్లకీ సంధి కుదరట్లేదా?" నన్ను ఆయన పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. బావమరిదిని 'మాస్టారూ' అనడంలోనే ఆయన సరసమంతా ఉండేది.

మూడేళ్ల కిందట వానాకాలంలో ఆయనకు న్యుమోనియా వచ్చింది. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఐ.సి.యు.లో చేర్చారు. 'ఆక్సిజన్ పెట్టారట' అన్న కబురు అందగానే బంధువులు కండువాలతో కళ్లు ఒత్తుకుంటూ దిగిపోయారు. మా వైపు ఆ మాటకు ఆశ వదులుకోవడమనే అర్థం. గొంతులో గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి ఆడించి, వారాల తరబడి ప్రాణవాయువు ఎక్కించారు. అద్దం తలుపు బయట నిలబడి అక్కయ్య మొక్కుకున్నది, ఆయన లేచి వస్తే ఇద్దరూ కలిసి కోరుకొండ ఎక్కి స్వామికి నేతిదీపం పెడతామని.

ఆయన లేచి వచ్చారు. అయితే వెళ్లిన మనిషే వచ్చారని చెప్పలేను. గొంతు బొంగురుపోయింది. స్వయంగా అంటుకట్టిన మొక్కల పేర్ల కోసమే తడుముకునేవారు. చిన్న వాక్యం కూడా మధ్యలో తెగిపోయేది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, ఇంట్లోనూ సిలిండరు తప్పదని డాక్టరుగారు చెప్పారు. "జబ్బు వల్ల పడిన మచ్చో, అన్నాళ్లు ఎక్కువ మోతాదులో ఆక్సిజన్ ఇచ్చినందుకు పడిన మచ్చో విడదీసి చెప్పలేమండి. ఇవ్వకపోతే మాత్రం అప్పుడే పోయేవారు" అని ఆయన దాచకుండా అన్నారు.

బావగారు "మొక్క పోతోందని, ఎరువు గట్టిగా వేస్తామండి. వేరు కాస్త మాడుతుంది. అయినా, మొక్క ఉంది కదండి" అన్నారు. నా వైపు తిరిగి, "నా మాటల్లో, కామాలెక్కువైపోయాయి మాస్టారూ. మార్కులు, తీసేయకండి" అని నవ్వబోయి దగ్గారు.

సిలిండరు ఉన్న గదిలో నిప్పు వెలిగించకూడదు. ఆ ముందుగదిలోనే దేవుడి గూడు ఉన్నది. అందుచేత అక్కయ్య దీపాన్ని వెనక వసారాలోకి మార్చింది. సందె వేళ మంచం మీద నుంచి ఆయన అడిగేవారు:

"దీపం పెట్టావా?"

"పెట్టానండి. గాలికి అప్పుడే కొండెక్కింది."

"దానికేం. ఊపిరుంది, ఎక్కుతుంది."

అక్కయ్య మళ్లీ వెలిగించడానికి వెళ్లేది. ప్రాణవాయువు తడిసి వచ్చేందుకు సిలిండరుకు తగిలించిన నీళ్ల సీసా గుడగుడమంటూ ఉండేది. ఆ ఇంట్లో మాటలు ఆగినప్పుడల్లా వినిపించేది ఆ చప్పుడే.

కిందటి ఫాల్గుణంలో ఆయన పట్టుబట్టారు. చిన్న సిలిండరు ఒకటి కారులో పెట్టుకొని ముగ్గురం కోరుకొండ వెళ్లాము. అక్కయ్య నేతి గిన్నె, తాను చేసిన వత్తులు మూటగట్టి తెచ్చింది. ఆయన నా భుజం పట్టుకొని నాలుగైదు మెట్లు ఎక్కారు. పెదవులు నల్లబడ్డాయి. అక్కడే కూలబడి పైకి చూస్తూ ఉండిపోయారు.

"చాలండి. స్వామికి తెలీదా ఏంటి" అన్నది అక్కయ్య.

"నాకు ఆయన, కనబడలేదు గానీ, పైనుంచి ఆయనకి, నేను కనబడ్డానులే. సగం మొక్కు, తీరినట్టే."

తిరుగు ప్రయాణంలో వత్తుల మూటను ఆయన దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నారు.

టెలిఫోన్ వచ్చిన ఉదయం నేను కడియం చేరేసరికి ఆయనను ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. సిలిండరు కట్టేసి ఉన్నది. తల దగ్గర దీపం పెట్టాలమ్మా అని పొరుగింటావిడ నెమ్మదిగా గుర్తుచేసింది. అక్కయ్య గూట్లో నుంచి ప్రమిద తీసి, కోరుకొండ నుంచి తిరిగొచ్చిన ఆ మూట విప్పి, వత్తి వేసి, నెయ్యి పోసింది. అగ్గిపుల్ల చేతికి తీసుకొని ఆగింది. ప్రమిద పట్టుకొని వసారా వైపు నడవబోయింది.

"ఎక్కడికి అక్కయ్యా?"

"ఇక్కడ వెలిగించకూడదు కదరా."

"వెలిగించవచ్చు అక్కయ్యా" అన్నాను.

ఆమె తల దగ్గర కూర్చుని వెలిగించింది. అలవాటు కొద్దీ అరచేయి అడ్డుపెట్టింది గాని, గదిలో గాలి లేదు. మూలన ఉన్న సీసాలో నీళ్లు కదలడం లేదు. ఆ నీళ్లలో, కాస్త ఎత్తున, మరొక దీపం నిలబడి వెలుగుతున్నది.