అంగుళం ఎక్కువ

ఆ వీధిలో ఆయన్ని ఇంజన్ డాక్టరు అంటారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి "రోగం ముదిరింది" అంటాడు. ముదరని రోగంతో ఆయన షెడ్డుకి వచ్చిన బండి ఇంతవరకు లేదు.

ఈమధ్య పాత కార్ల బేరాలు ఎక్కువయ్యాయి. తాతల నాటి కారుకి తాతల నాటి తరహా వైర్లే ఉండాలని వాటి యజమానులు పట్టుబడతారు. స్పార్క్ ప్లగ్గుకి కరెంటు తీసుకెళ్ళే ఆ వైరుకి లోపల రాగి తీగలు, పైన నూలు అల్లిక. కొయ్యగానే అల్లిక పోగులు పోగులుగా విడిపోతుంది. దాన్ని సన్న దారంతో చుట్టి, ముడి కనబడకుండా కట్టాలి. రాగి తీగలు మెలిపెట్టి, వైరుకి తలలాంటి ఇత్తడి కొక్కెంలో దూర్చి నొక్కాలి, టంకం పెట్టాలి. వీటన్నిటికంటే ముందు రబ్బరు టోపీ వైరుకి ఎక్కించుకోవాలి. టోపీ కన్నం సన్నం, కొక్కెం వెడల్పు. తర్వాత ఎక్కిద్దామంటే ఎక్కదు.

ఇదంతా డాక్టరు హస్తవాసి అని ఊరు చెప్పుకుంటుంది. ఊరికి ఆ సంగతి చెప్పింది డాక్టరే. చేసేది ఆయన భార్య. దర్జీ కూతురు. షెడ్డు వెనక వంటగదిలో, కత్తిపీట పక్కకి జరిపి, పొయ్యి గట్టు మీద చేస్తుంది. కిటికీ దగ్గర ఒక బల్ల వేయించమని నాలుగేళ్ళుగా అడుగుతోంది. "చూద్దాంలే" అన్నాడు. నాలుగేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అత్తంటూ ఒకరున్నారని కూడా అల్లుడు పొక్కనివ్వలేదు.

ఒకరోజు ఉదయం బట్టల మిల్లు పెద్దాయన వచ్చాడు. ఆయనకి ఆరు పాత కార్లున్నాయి. ఒకదానికి వైర్లు ఇక్కడే చేయించుకున్నాడు.

"నలభై ఏళ్ళు దారంతోనే బతికానయ్యా. ఇంత శుభ్రమైన కట్టు చూళ్ళేదు. మిగతా ఐదు కార్ల పనంతా నీకే ఇస్తాను. ఒక్క వైరు నా కళ్ళ ముందు కట్టు, చూడాలని ఉంది."

ఐదు కార్లంటే రెండేళ్ళ పని. డాక్టరు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి కాస్త బెణికింది సార్."

"ఇందాక స్క్రూడ్రైవర్ బాగానే పట్టుకున్నావుగా."

డాక్టరు లేచి వంటగదిలోకి వెళ్ళాడు. "ఏమే, ఒక వైరు ఇటివ్వు. ఎలా మొదలుపెడతావు?"

ఒక కొన పూర్తిచేసిన వైరు చేతికిచ్చిందావిడ. "ముందు టోపీ, తర్వాత తల."

"అంతేగా?"

"అంతే. మీరు అంతేగా అన్నప్పుడే నాకు భయం."

డాక్టరు స్టూలు మీద కూర్చుని, టోపీ పక్కన పెట్టుకుని, దారం అందుకున్నాడు. ఆ కట్టు అచ్చం డాక్టరు కట్టినట్టే ఉంది, పుండుకి. కొక్కెం నొక్కాడు. టంకం పెట్టాడు, అందులో సగం చెప్పు మీద పడింది. చివరికి వైరు పైకెత్తి చూపించాడు.

"అయింది సార్."

"మరి ఆ టోపీ ఎవరిది?" అన్నాడు పెద్దాయన.

స్టూలు మీద టోపీ అలాగే ఉంది. డాక్టరు దాన్నీ, వైరునీ మార్చి మార్చి చూశాడు. "ఈ పట్టకారు మంచిది కాదు సార్" అన్నాడు. ఆడలేనప్పుడు మద్దెల ఓడవుతుంది.

"ఆ కొన కోసేసి మళ్ళీ కట్టు."

"పొట్టయిపోతుంది సార్. కొలిచి కోసింది. ఆరో ప్లగ్గుదాకా అందదు."

ఆ ఉదయం తాను చెప్పిన ఒకే ఒక్క నిజం అదేననుకున్నాడు. అదీ కాదు.

"అందుతుందండీ, కొయ్యండి" అంది వంటగది కర్టెన్ వెనక నుంచి భార్య. "అంగుళం ఎక్కువే ఉంచాను."

పెద్దాయన కర్టెన్ వైపు తిరిగాడు. "ఎవరు?"

"మా ఆవిడ సార్. కొలతలు చూస్తుంది."

"కొలతలేనా?"

డాక్టరు చెప్పు మీది టంకం గోకడంలో మునిగిపోయాడు.

"అమ్మా, ఒకసారి ఇలా వస్తావా?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పాడైన కొన కోసేసింది. టోపీ ఎక్కించింది. దారం ఆరు చుట్లు చుట్టి లాగింది. ముడి ఎక్కడికి పోయిందో పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాడు, దొరకలేదు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా నాన్న దగ్గర సార్. కోటు గుండీ కింద ఇలాగే చుట్టేవాడు."

"అంగుళం ఎందుకు ఎక్కువ?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. "మనుషులు మర్చిపోతారు కదా సార్."

"ఐదు కార్లూ పంపిస్తాను. వైర్ల సంగతి ఇకమీదట నీతోనే మాట్లాడతాను. పనికి ఏమన్నా కావాలా?"

"కిటికీ దగ్గర బల్ల."

"అదెంత పని సార్, ఇవాళే వేయిస్తా" అన్నాడు డాక్టరు. "ఎప్పట్నుంచో నేనే అనుకుంటున్నా."

సాయంత్రానికల్లా బల్ల వచ్చింది. ఇప్పుడు షెడ్డుకి ఎవరొచ్చినా డాక్టరు ముందు కిటికీ దగ్గరికే తీసుకెళ్తాడు.

"ముందు టోపీ, తర్వాత తల. ఈ సూత్రం నాది. కూర్చోబెట్టి నేర్పించాను" అంటాడు.

ఆవిడ తలెత్తదు. వైరు కొలిచి, అంగుళం వదిలి, కోస్తుంది.