వాళ్ళ గ్రౌండు, మా హోరు

నాకు సరిగా వినపడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకూ, చదివేవాళ్ళకూ ఒక బాధ తప్పుతుంది. ఇరవై ఆరేళ్ళు గుజరాత్‌లోని బమ్రోలిలో సాంచాల మధ్య నిలబడ్డవాడికి వినపడితేనే వింత. పవర్‌లూమ్‌ను మావాళ్ళు సాంచా అంటారు. ఒక్కో షెడ్డులో యాభై అరవై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి గొంతు సంగతి అటుంచి, ఎవరి గొంతు వాళ్ళకే వినపడదు. నా ఎడమ చెవి దాదాపు పోయింది. దగ్గరికొచ్చి నిదానంగా మాట్లాడితే కుడి చెవిలో మాట పడుతుంది. జనం ఆ రెండూ తప్ప అన్నీ చేస్తారు. దూరం నుంచి అరుస్తారు. అరిచిందే మళ్ళీ అరుస్తారు. మూడోసారి 'ఏం లేదు, పోనియ్' అని చెయ్యి ఊపుతారు. ఆ చెయ్యి ఊపడం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

షెడ్డులో మాకు నోటితో పని తక్కువ. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి తిప్పితే నూలు చుట్టిన కండె అయిపోయింది, కొత్తది పెట్టమని. అరచెయ్యి నిలబెడితే ఆపమని. పొట్ట మీద చెయ్యి వేసి గుండ్రంగా నిమిరితే సేటు వస్తున్నాడని, ఎందుకంటే మా సేటు కన్నా ముందు ఆయన పొట్ట వస్తుంది. మిగతాదంతా పెదాలు చూసి తెలుసుకోవడమే. గదికి అవతల నిలబడి గొణిగినా నాకు తెలిసిపోతుంది. గుబురు మీసాలున్నవాళ్ళ మాటలు మాత్రం సగం పోతాయి. నా భార్య కూడా అదే షెడ్డులో కండెలు చుట్టేది. పెళ్ళైన కొత్తలో షెడ్డు ఈ చివర నేను, ఆ చివర తను, చేతులతోనే పోట్లాడుకునేవాళ్ళం. చుట్టుపక్కల వాళ్ళు పని ఆపి మరీ చూసేవాళ్ళు.

ఆమె తమ్ముడు, అంటే నా బామ్మర్ది, వడోద్‌లో ఉంటాడు. బట్టల మార్కెట్లో చీరల దుకాణంలో సేల్స్‌మన్. నోటితో బతికే మనిషి. హిందీ, గుజరాతీ, తెలుగు మూడూ కలిపి, కొనను మొర్రో అన్న గిరాకీ చేత కూడా నాలుగు చీరలు కొనిపించి పంపుతాడు. ముఖం శుభ్రంగా కనపడాలని మీసం తీసేస్తాడు. అదే అతని కొంప ముంచింది.

రెండేళ్ళ కిందట ఎవరి దగ్గరో పాత వీడియో గేమ్ పెట్టె కొన్నాడు. దానితో ఫుట్‌బాల్ డిస్క్ ఒకటి వచ్చింది. తీరా పెట్టి చూస్తే బంతి గుండ్రంగా లేదు. కాలితో తన్నడం ఎప్పుడో ఒకసారి. మిగతాదంతా చేత్తో విసరడం, పట్టుకుని ఉరకడం, ఉరికేవాడి మీద పడి పడగొట్టడం. అమెరికా కాలేజీల ఆట అది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. బంతితో చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. ఇదేం ఆటరా అని అందరం తిట్టాం. వేరే డిస్క్ లేదు కాబట్టి అదే ఆడాం. ఆడగా ఆడగా వదల్లేకపోయాం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళ ముందుగది చుట్టాలతో, పక్కింటివాళ్ళతో నిండిపోయేది. వీధి చివర మందుల షాపు నడిపే గుజరాతీ భాయ్ కూడా షట్టర్ సగం దించి వచ్చేవాడు. నాకు ఆ మధ్యాహ్నాలంటే ప్రాణం. ఒకడితో ఒకడు ఆడే ఆటకు చెవులక్కర్లేదు. కళ్ళు, వేళ్ళు చాలు. గెలిచేవాణ్ణి కూడా.

ఈ ఏడు కొత్త డిస్క్ వచ్చింది. మొదటి ఆదివారమే బామ్మర్ది టీవీ ముందు నిలబడి, చీరలు పరిచి చూపించినట్టు, అందులో వచ్చిన కొత్తవన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. ఉరికి ఉరికి అలిసిన ఆటగాడి బొమ్మ ముందు పసుపు, తర్వాత ఎరుపు అవుతుంది, కూర్చోబెట్టకపోతే బంతి జారవిడుస్తాడు. ఒకే ఎత్తు మళ్ళీ మళ్ళీ వేస్తే అవతలివాళ్ళు పసిగట్టి కాచుకుంటారు. అవతలివాళ్ళ గ్రౌండులో ఆడితే స్టేడియంలో పిల్లలంతా కలిసి హోరెత్తిస్తారు. ఆ హోరుకు తెర మీద గీతలు వణుకుతాయి, చేతిలో ఆట రిమోట్ అదురుతుంది, ఆట మొదలుపెట్టే కేక వినపడక మనవాళ్ళు ముందే కదిలిపోతే శిక్ష పడుతుంది. అన్నిటికన్నా పెద్దది, ఇప్పుడు ఇద్దరిద్దరు ఒక జట్టుగా ఆడొచ్చు. ఒకడు విసురుతాడు, ఒకడు అందుకుంటాడు.

"ఇద్దరు మాట్లాడుకుంట ఆడాలె. మాట కలవకుంటే ఖతం" అన్నాడు.

జతలు కట్టడం మొదలైంది. నేను ముందుకు జరిగి కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు. గుజరాతీ భాయ్ నా వైపు చూపించి "జీజాజీ కో లే లో" అన్నాడు, బావను తీసుకోమని. బామ్మర్ది నవ్వుతూ నా వైపు ఒకసారి చూసి, కిటికీ దగ్గరకు పోయి, గొంతు తగ్గించి భాయ్‌తో అన్నాడు. నా వెనక గోడకు ఆనుకున్న మా చుట్టానికి కూడా వినపడి ఉండదు. నాకు పెదాలు అద్దంలో కనపడ్డట్టు కనపడ్డాయి.

"ఆ చెవిటోన్ని పక్కకు వెట్టుకుంటే ఓడినట్టే. కూసొని సూస్తడు తియ్."

భాయ్‌కి తెలుగు అంత రాదు, ఏం అర్థమైందో తెలియదు గానీ తలాడించాడు. బామ్మర్ది నా దగ్గరకొచ్చి అరిచాడు. "బావా, నువ్వు జర ఆరాంగ కూసో. చాయ తాగు."

తాగాను. ఆ చాయలో చక్కెర ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా నా భుజం మీద చెయ్యి వేసి తిరిగిన మనిషి. నా పెళ్ళిలో నా చెప్పులు దాచినవాడు. బాధ కన్నా ముందు సిగ్గేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా భార్యకు చెప్పాను. "ఇగ ఆదివారాలు నేను రాను. నువ్వు పో."

"ఏమైంది?"

జరిగింది చెప్పాను. మా షెడ్డులో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకడుండేవాడు. చెవులు పోయాక ముందు పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. తర్వాత చాయ బండి దగ్గర నిలబడడం మానేశాడు. ఆ తర్వాత ఇంట్లో అందరూ మాట్లాడుకుంటుంటే గోడ వంక చూస్తూ కూర్చునేవాడు. నేను ఆయన దారిలో మొదటి అడుగు వేస్తున్నానని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఇంటి ముందు ఆటో దిగాక నా ఎదురుగా నిలబడి అరచెయ్యి నిలబెట్టింది. ఆపమని.

"వచ్చే ఆదివారం నీ దిక్కు నేను ఆడుత. ఒక్కపారి ఆడుదాం. ఓడితే నీ ఇష్టం, మళ్ళ రమ్మని అడగ."

నేను నవ్వాను. రెండేళ్ళు ఆ గదిలో ఒక మూల కూర్చుని చీరలకు లేసు కుట్టుకుంటూ ఆట చూసిన మనిషే తప్ప, రిమోట్ ముట్టుకున్నది లేదు. కానీ ఆమె ఏదైనా పట్టిందంటే వదలదు. ఆ వారం మధ్యాహ్నాలు, తమ్ముడు మార్కెట్‌కు పోగానే అతని భార్య దగ్గర కూర్చుని నేర్చుకుంది. షిఫ్టు అయ్యాక నేనూ రెండుసార్లు పోయాను. రెండోసారికే నా వేళ్ళు ఎటు పోతాయో ఆమెకు తెలిసిపోయింది.

ఆదివారం మేమిద్దరం జత అనగానే గది గొల్లుమంది. నేను వినలేదు గానీ అన్ని పళ్ళూ ఒక్కసారే కనపడ్డాయి. బామ్మర్ది, గుజరాతీ భాయ్ ఒక జట్టు. బామ్మర్ది తెలివిగా గ్రౌండు తనది ఎంచుకున్నాడు.

"సూస్కో అక్కా. మా గ్రౌండు. హోరంత మీ మీదనే" అని టీవీ శబ్దం చివరిదాకా పెంచేశాడు.

నా చెవిలో పడింది తక్కువే. కింద బండల్లోంచి, కూర్చున్న మంచం పట్టీలోంచి ఒంట్లోకి ఎక్కింది. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్ళు నేను ఉద్యోగం చేసిన ఊరే ఆ హోరు. తెర మీద గీతలు వణికాయి. రిమోట్ అదిరింది. సాంచా మీద చెయ్యి పెట్టి లోపల ఏం తేడా వచ్చిందో చెప్పేవాడికి ఆ అదురు ఒక లెక్కా? అంతకు ముందు ఆడిన జట్లన్నీ ఆ హోరులో కంగారుపడి, కేక కోసం చెవులు రిక్కించి, ముందే కదిలి శిక్షలు తిన్నాయి. మేము ఒక్కసారీ తినలేదు. మేము వినము కదా, చూస్తాం.

అలాగని అంతా మాదే అయిందనుకోవద్దు. బామ్మర్ది మంచి ఆటగాడు. మొదట్లోనే రెండుసార్లు గీత దాటాడు. నా భార్య ఒకసారి బంతి వదిలేసింది, నేను ఒకసారి నేరుగా భాయ్ చేతికే విసిరాను. సగం ఆట అయ్యేసరికి బాగా వెనకబడ్డాం. చుట్టాలు జాలిగా చూడడం మొదలుపెట్టారు. నాకు జాలి చూపు కూడా బాగానే చదవడం వచ్చు. ఇక ఆదివారాలు లేవని లోపల ఒక గొంతు చెప్పేసింది. అప్పుడు మోకాలితో నా మోకాలిని పొడిచింది ఆమె. తమ్ముడి వైపు కళ్ళతో చూపించింది.

శబ్దం తనే పెంచుకున్నాడు కదా, ఇప్పుడు పక్కనున్న భాయ్‌కి తన మాట వినపడడం లేదు. భాయ్ "క్యా? క్యా?" అంటున్నాడు. బామ్మర్ది మెడ తిప్పి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాట విడదీసి హిందీలో చెబుతున్నాడు. కుడి వైపు. వెనక్కి తగ్గు. మధ్యలో నిలబడు. నున్నగా గీసిన మూతి. అంత వివరంగా నాకు ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక చూడండి మా వైభోగం. వాళ్ళు కుడి వైపు కాస్తే మేము ఎడమ నుంచి పోయాం. వాళ్ళు వెనక్కి తగ్గితే మేము ముందున్న గజాలు తిన్నాం. ఒక్క మాట లేదు. ఆమె వేలు చూపితే నేను విసిరాను, నేను కనుబొమ ఎగరేస్తే ఆమె మలుపు తిరిగింది. గదిలో నవ్వులు ఆగిపోయాయి. చాయ గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి. తేడా నాలుగు పాయింట్లకు వచ్చింది, గడియారంలో కొన్ని క్షణాలున్నాయి, మాకు ఆఖరి ప్రయత్నం, గీత ఇంకా ఆరు గజాల దూరం.

అప్పటికే ఒకే ఎత్తు రెండుసార్లు వేసి ఉన్నాను. మూడోసారి వేయబోయి ఆమె వంక చూశాను. ఆమె పిడికిలి తిప్పింది. కండె మార్చు. తెర మీద చూస్తే నిజమే, ఇందాకటి నుంచి ఉరుకుతున్నవాడి బొమ్మ ఎర్రగా అయిపోయింది. వాణ్ణి కూర్చోబెట్టి కొత్తవాణ్ణి దింపాను. అప్పుడు బామ్మర్ది భాయ్ వైపు తిరిగాడు. ఉత్సాహం ఎక్కువై తెలుగూ హిందీ కలిపేశాడు. "సబ్ లోగ్ బావ మీదనే పడాలె."

నేను ఆమెకు చెప్పబోయాను. అప్పటికే ఆమె పొట్ట నిమురుకుంటోంది. సేటు వస్తున్నాడు.

గుజరాతీ భాయ్ చూసి కంగారుపడ్డాడు. "బెహెన్, గ్యాస్ హై క్యా? గోలీ దూఁ?" అని మాత్ర కోసం జేబు తడుముకున్నాడు.

ఆయన చెయ్యి జేబులో ఉండగానే ఆట మొదలైంది. స్టేడియం హోరుకు తెరంతా వణికిపోయింది. వాళ్ళవాళ్ళందరూ ఒక్కసారి నా మీదికి ఉరికొచ్చారు. ఎడమ పక్కన జాగా అంతా ఖాళీ. ఆమె కొత్తవాణ్ణి ఆ ఖాళీలోకి తీసుకుపోయింది. మీద పడేలోగా విసిరేశాను. తెర మీద నేను కింద పడ్డాను, బంతి పడలేదు. ఆమె అందుకుని, ఇంట్లో గడప దాటినంత తేలిగ్గా గీత దాటింది.

గెలిచాం. నేను మంచం మీద లేచి నిలబడ్డాను, ఫ్యాన్ తగలకుండా మా చుట్టం ఒకాయన నన్ను కిందికి లాగాడు. మా వయసుకు తగ్గ పనులు కావు గానీ, చేశాం. ఎవరో నా వీపు చరిచారు, ఎవరో చెయ్యి పట్టి ఊపారు. భాయ్ మాత్రం గోలీ చేతిలో పట్టుకుని "యే తో చీటింగ్ హై" అంటూ నవ్వుతూనే ఉన్నాడు. నా భార్య రిమోట్ కింద పెట్టి కొంగు సర్దుకుంది.

"తమ్మీ, గా టీవీ జర తగ్గియ్యి. మీ బావకేం కాదు, నా చెవులు నొస్తున్నయి."

బామ్మర్ది తగ్గించాడు. అయినా ఆ గదిలో అరుపులు తగ్గలేదు. అతను పోయినవారం నిలబడ్డ కిటికీ దగ్గరే భాయ్ పక్కన నిలబడి, గొంతు తగ్గించి ఏదో అన్నాడు. నేను ఇటు చివర ఉన్నాను. మధ్యలో పదిమంది.

"వచ్చేవారం బావను నా దిక్కు తీస్కుంట. సూడు ఇగ."

"నేను రాను. నాకు మీ అక్క ఉన్నది" అన్నాను ఇటు నుంచి.

పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. మా ఇద్దరి మధ్య ఉన్న దూరం చూశాడు. కిటికీని చూశాడు. అతని ముఖంలో రంగు మారడం నేను చూశాను. నోటితో బతికే మనిషికి గొంతు రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"పోయినవారం అన్నది గూడ?"

తలూపాను.

చుట్టూ ఇంకా అరుస్తూనే ఉన్నారు. అతను నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. శబ్దం లేకుండా, ఒక్కో అక్షరం నాకు కనపడేలా అన్నాడు.

"తప్పయింది బావా."

ఆ గదిలో ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. పిడికిలి ఎత్తి తిప్పాను. అతనికి మా షెడ్డు భాష రాదు. తెల్లబోయి వాళ్ళ అక్క వంక చూశాడు.

"ఇంకో ఆట వెట్టుమంటుండు" అంది ఆమె.