ముందుమీరు గారు

ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఆఫీసులో ఎక్కడా వినపడదు. అందరికీ ఆయన ముందుమీరు గారే. లిఫ్టు తలుపు తెరుచుకోగానే "ముందు మీరు" అంటూ పక్కకు తప్పుకుంటారు. ఎదుటి మనిషి కూడా మర్యాదస్తుడైతే ఇక చెప్పనక్కర్లేదు, లిఫ్టు ఖాళీగా పైకి వెళ్ళిపోతుంది. ఆయన నొచ్చుకోరు. మెట్లెక్కుతారు.

నదికి వరద ఎంత వస్తుందో లెక్కకట్టే ప్రోగ్రాము ఆయన చేతిలో ఉండేది. నదిని పదహారు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను కంప్యూటర్లో విడిగా నడిచే ఒక్కో ప్రాసెస్‌కు అప్పగించారు. పదహారూ ఒకేసారి లెక్క చేస్తాయి. కానీ పక్క ముక్కలో నీరెంతుందో దేనికీ కనపడదు. పక్కది సందేశం పంపాలి, ఇది అందుకోవాలి. అందేదాకా అడుగు ముందుకు వేయదు.

శుక్రవారంతో నెల ముగుస్తుంది, దాంతో ఆయన కాంట్రాక్టూ ముగుస్తుంది. ఇంకో ఏడాది ఉంచుతారా లేదా అన్నదే రాత్రీ పగలూ ఆయన మనసులో తిరిగే మాట. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని పిలిచి పని ఇచ్చేవాళ్ళెవరు?

టీ ఇచ్చే అక్క రోజూ గుర్తు చేసేది. "పెద్దసారుని అడిగారా అన్నా?"

"ఆయనే పిలుస్తారమ్మా. మనంతట మనం వెళ్ళి అడిగితే ఏం బావుంటుంది?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు."

"మా అమ్మ పెట్టేది" అని నవ్వేసేవారు.

ముందు విను, తర్వాత మాట్లాడు అని నేర్పింది కూడా ఆ తల్లే. పాత ప్రోగ్రాములో బేసి సంఖ్య ప్రాసెస్‌లు ముందు పంపేవి, సరి సంఖ్యవి ముందు అందుకునేవి. సోమవారం నాడు ఆయనకది ఎబ్బెట్టుగా తోచింది. ఒకరికో పద్ధతి, ఇంకొకరికో పద్ధతా? ముందు అందుకో, ఆపైన పంపు. పదహారింటికీ అదే రాశారు. దేవుడికి దండం పెట్టుకుని నడిపించారు.

మామూలుగా లెక్కకు రెండు రోజులు పడుతుంది. అంతవరకూ తెరమీద ఫలితమేదీ రాదు. పదహారూ నూటికి నూరుపాళ్ళు పనిలో ఉన్నట్టే కనిపిస్తుంటే ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. గురువారం మధ్యాహ్నానికి పక్క కుర్చీలోని అమ్మాయి, కూతురి ఈడుది, తొంగిచూసింది.

"బాబాయ్, ఇవి పనిచేయట్లేదు. ఎదురుచూస్తున్నాయి."

"నూరుపాళ్ళు చూపిస్తోంది కదమ్మా?"

"వచ్చిందా, వచ్చిందా అని గుమ్మంలోకి తొంగిచూడ్డానికీ నూరుపాళ్ళు శక్తి పోతుంది. ఇది పక్కదాని కోసం చూస్తోంది, పక్కది దీనికోసం చూస్తోంది. ఒక్కటీ నోరు విప్పదు. ఎంతైనా మీ పిల్లలే! ముందు మీరు, ముందు మీరు..."

ఆయనా నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. లేచి వెళ్ళి, పెద్దసారు గది తలుపు తట్టి, రమ్మనకముందే లోపల అడుగు పెట్టారు.

"సార్, నా ఏడాది సంగతి..."

పెద్దసారు కళ్ళజోడు తీశారు. "నెలరోజులుగా మీరు వచ్చి అడుగుతారనే చూశానండీ. అలిసిపోయారేమో, నేను కదిపితే మొహమాటానికి ఒప్పుకుంటారేమో అని ఊరుకున్నాను. నిన్ననే ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేశాం. సంతకాలు కూడా అయిపోయాయి."

అని, తానే లేచి కుర్చీ జరిపి, ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. మంచి మనిషే. కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకలేదు, అదే ఆయనకు భరించరానిదైంది.

తిరిగొచ్చి ప్రోగ్రామును పాత పద్ధతికే మార్చి నడిపించారు. మొదటి సందేశం రెప్పపాటులో అందింది. లెక్క తేలేది శనివారం. అప్పటికి ఈ కుర్చీలో ఆయన ఉండరు.

బల్లమీద టీ గ్లాసు ఉంది, చల్లారకుండా పైన సాసరు మూసి. కాసేపటికి గ్లాసు కోసం అక్క వచ్చింది.

"అడిగారా అన్నా?"

"అడిగానమ్మా."

"చెప్పానా మరి!" ఆమె ముఖం వెలిగిపోయింది. "నోరు తెరిస్తే పనవుతుందని!"

ఆమెను బాధపెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. చల్లారిన టీ చివరి చుక్క దాకా తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చారు.